గడువు పొడిగింపు: సైప్రస్‌లో అరవై ఏళ్ల శాంతి పరిరక్షణ



ఈ ఏటి స్మారకోపన్యాసానికి విషయం ఏమిటని నిర్వాహకులు ఫోన్ చేసి అడిగారు. సైప్రస్ అన్నాను. అవతలి వైపు కాసేపు మాట లేదు. "కశ్మీర్ అయితే హాలు నిండుతుందండీ" అన్నారు చివరికి, మొహమాటపడుతూ. వాళ్ళ మాట నిజమే. కాని కశ్మీర్ అనగానే మనలో ప్రతివాడూ ముందే ఒక పక్షాన కూర్చుని ఉంటాడు, నేనూ అంతే. పొరుగూరి గట్టు తగాదా అయితే ఇద్దరి కాగితాలూ నింపాదిగా తిరగేయొచ్చు. ఈ సభలో మనం స్మరించుకుంటున్న మాస్టారు ఐరోపా చరిత్ర చెప్పేటప్పుడు పాటించిన పద్ధతి కూడా ఇదే. ఒక యుద్ధం గురించి చెబితే గెలిచినవాడి తరఫున ఒక పీరియడ్, ఓడినవాడి తరఫున ఒక పీరియడ్. పరీక్షలో ఎవరి పక్షాన రాయాలో మాత్రం చెప్పేవారు కాదు. దానివల్ల మార్కులకు ఏమైందో ముందు వరసల్లో కూర్చున్నవాళ్ళకు గుర్తుండే ఉంటుంది.

సైప్రస్ మనకు మరీ పరాయిదేం కాదు. ఆ ద్వీపంలో ఐక్యరాజ్యసమితి దళానికి మొదటి అధిపతి లెఫ్టినెంట్ జనరల్ పి.ఎస్. జ్ఞానీ. ఆయన తర్వాత జనరల్ కె.ఎస్. తిమ్మయ్య. కొడగు మనిషి, 1957 నుంచి 1961 దాకా మన సైన్యానికి అధిపతి, కొరియా యుద్ధం ఆగాక ఖైదీల అప్పగింత చూసిన తటస్థ దేశాల కమిషన్‌కు అధ్యక్షుడు. 1965 డిసెంబర్ 18న సైప్రస్‌లోనే, విధుల్లో ఉండగానే గుండెపోటుతో పోయారు. మరుసటి ఏడు సైప్రస్ ప్రభుత్వం ఆయన పేరిట తపాలా బిళ్ళ వేసింది. 1969 చివరి నుంచి 1976 చివరి దాకా, అంటే ద్వీపం రెండు ముక్కలైన రోజుల్లో, దళాన్ని నడిపినది దివాన్ ప్రేమ్‌చంద్. ముగ్గురూ భారతీయులే. విచిత్రమేమిటంటే అక్కడ భారత సైనిక దళం లేదు. దళపతి మనవాడు, సిపాయిలు కెనడా, స్వీడన్, డెన్మార్క్, ఫిన్లాండ్, ఐర్లాండ్, బ్రిటన్ వాళ్ళు. అలీన దేశపు అధికారి అంటే అప్పట్లో అంత గిరాకీ. ఇప్పుడుందా అన్నది ఇంకో సభకు వదిలేద్దాం.

తగాదా మూలం క్లుప్తంగా చెబుతాను. తూర్పు మధ్యధరా సముద్రంలో టర్కీకి దక్షిణాన ఉన్న ఈ ద్వీపం వైశాల్యం 9,251 చదరపు కిలోమీటర్లు. 1571లో ఒట్టోమాన్ల చేతికి వచ్చింది, 1878లో పాలన బ్రిటిష్ వారికి దక్కింది. జనంలో దాదాపు అయిదింట నాలుగు వంతులు గ్రీకు సైప్రియట్లు, అయిదో వంతుకు కాస్త తక్కువ టర్కిష్ సైప్రియట్లు. గ్రీకువారిలో బలమైన కోరిక గ్రీసులో కలిసిపోవాలని. దాన్ని వాళ్ళు ఎనోసిస్ అంటారు. 1955 ఏప్రిల్ 1న అందుకోసం సాయుధ పోరాటం మొదలైంది. దానికి బదులుగా టర్కిష్ పక్షం లేవనెత్తిన నినాదం తక్సిమ్, అంటే విభజన. ఈ రెంటిలో ఏదీ కాకుండా 1959లో జూరిచ్‌లో, లండన్‌లో కుదిరిన ఒప్పందాల మీద 1960 ఆగస్టు 16న స్వతంత్ర గణతంత్రం ఏర్పడింది. సైప్రస్ జనం అడిగినది స్వాతంత్ర్యం కాదు, వాళ్ళకు దొరికినది అదే.

ఆ రాజ్యాంగం చదివితే ఇద్దరు దాయాదులకు ఇల్లు పంచిన దస్తావేజులా ఉంటుంది. అధ్యక్షుడు గ్రీకువాడు, ఉపాధ్యక్షుడు టర్కిష్‌వాడు, ముఖ్య విషయాల్లో ఇద్దరికీ వీటో. సివిల్ ఉద్యోగాలు 70కి 30, సైన్యంలో 60కి 40. అయిదు పెద్ద పట్టణాల్లో ఎవరి మునిసిపాలిటీ వారిది. ఇక గ్యారంటీ ఒడంబడిక ఒకటి: బ్రిటన్, గ్రీసు, టర్కీ మూడూ హామీదారులు. రాజ్యాంగ వ్యవస్థ చెదిరితే ముందు కలిసి సంప్రదించుకోవాలి, అది కుదరకపోతే ఏ దేశమైనా ఒంటరిగానే చర్య తీసుకోవచ్చు, అయితే మునుపటి వ్యవస్థను తిరిగి నిలబెట్టడానికి మాత్రమే. ఈ ఒక్క వాక్యం మీద 1974లో ఏం జరిగిందో కాసేపట్లో చెబుతాను. పన్నుల చట్టం ఆగిపోయింది, మునిసిపాలిటీల తగవు తెగలేదు, ఉమ్మడి సైన్యం కాగితం మీదే ఉండిపోయింది. 1963 నవంబర్ 30న అధ్యక్షుడు ఆర్చ్‌బిషప్ మకారియోస్ పదమూడు సవరణలు ప్రతిపాదించాడు. టర్కిష్ పక్షానికి అవి తమ రక్షణలన్నీ ఊడబెరికే జాబితాగా కనిపించాయి. డిసెంబర్ 21న నికోసియాలో కాల్పులు మొదలయ్యాయి.

క్రిస్మస్ వారంలో జనం చచ్చిపోతుంటే ద్వీపంలో ఉన్న బ్రిటిష్ సైన్యం మధ్యలోకి దిగింది. డిసెంబర్ 30న మేజర్ జనరల్ పీటర్ యంగ్ నికోసియా పటం ముందు పెట్టుకుని, ఇటు గ్రీకు పేటలు, అటు టర్కిష్ పేటలు వచ్చేలా ఒక గీత గీశాడు. చేతిలో ఉన్న మైనపు పెన్సిల్ రంగు ఆకుపచ్చ. అందుకే అది గ్రీన్ లైన్. తాత్కాలిక ఏర్పాటన్నారు. ఆ గీత ఇప్పటికీ అదే దారిన, అవే సందుల గుండా పోతోంది.

1964 మార్చి 4న భద్రతా మండలి 186వ తీర్మానం చేసింది. సమితి సేన మార్చి 27 నుంచి పని మొదలుపెట్టింది. పని మూడు ముక్కల్లో చెప్పారు: మళ్ళీ కొట్లాట రాకుండా చూడాలి, శాంతిభద్రతల పునరుద్ధరణకు తోడ్పడాలి, మామూలు జీవితం తిరిగి వచ్చేలా చేయాలి. గడువు మూడు నెలలు. మూడు నెలలు! ఆ తర్వాత మూడేసి, ఆరేసి నెలల చొప్పున, ఈ మధ్య ఏడాదికోసారి పొడిగిస్తూ వస్తున్నారు.

దౌత్యం గురించి చదివే విద్యార్థులు ఈ తీర్మానంలో ఒక చిన్న మాట గమనించాలి. అందులో సైప్రస్ ప్రభుత్వం అన్న ప్రస్తావన ఉంది. శాంతిభద్రతల బాధ్యత దానిదేనని, సేన దాని సమ్మతితోనే వస్తుందని ఉంది. ఆ రోజున ఆ ప్రభుత్వంలో టర్కిష్ సైప్రియట్ మంత్రులు కూర్చోవడం లేదు. తరిమేశారని వాళ్ళంటారు, వాళ్ళే లేచిపోయారని గ్రీకు పక్షం అంటుంది. ఏదైతేనేం, న్యూయార్క్‌లో కుర్చీ గ్రీకు సైప్రియట్లకు స్థిరపడింది. అప్పటికి మండలికి కావలసింది కాల్పులు ఆపడం. అడగడానికి ఎదురుగా ఒక ప్రభుత్వం ఉండాలి, ఉన్న ప్రభుత్వాన్నే అడిగింది. తప్పు పట్టలేం. కాని ఆనాటి నుంచి ప్రతి చర్చలోనూ ఒక పక్షం రాజ్యంగా, ఇంకో పక్షం సముదాయంగా కూర్చుంటున్నాయి. టర్కిష్ సైప్రియట్ నాయకులు ఎవరు ఎన్నికైనా మొదట ఎత్తేది ఈ సమానత్వం సంగతే.

మధ్యవర్తుల కథ విషాదమే. మొదటివాడు ఫిన్లాండ్‌కు చెందిన సకారి తువోమియోయా. నియమించిన కొద్ది నెలలకే, 1964 సెప్టెంబర్‌లో పోయాడు. తర్వాత ఈక్వెడార్ మాజీ అధ్యక్షుడు గలో ప్లాజా. 1965 మార్చిలో ఆయన ఇచ్చిన నివేదిక ఎనోసిస్‌నూ విభజననూ రెంటినీ పక్కన పెట్టమంది. టర్కీ వెంటనే, ఈయన మధ్యవర్తి హద్దు దాటాడు, మాకిక వద్దు అంది. ఆ పదవి ఆ ఏడాది చివరికే ముగిసిపోయింది. అప్పటి నుంచి సమితి ప్రధాన కార్యదర్శి పేరుతో నడిచేవి రాజీ మాటలే. ఇరుపక్షాలనూ కూర్చోబెడతారు, టీ ఇస్తారు, కాగితాలు అటూ ఇటూ మారుస్తారు. తీర్పు మాత్రం చెప్పరు.

భద్రతా మండలి కాగితాలకు జ్ఞాపకం ఎక్కువ. మన హైదరాబాద్ సంగతే చూడండి: 1948 ఆగస్టులో నిజాం ప్రభుత్వం పంపిన ఫిర్యాదు సెప్టెంబర్‌లో పారిస్‌లో మండలి ముందుకు వచ్చింది. పోలీసు చర్య ముగిశాక ఆ నెలలోనే నిజాం దాన్ని ఉపసంహరించుకున్నాడు. అయినా ఆ అంశం మండలి జాబితాలో ఏళ్ల తరబడి అలాగే పడి ఉంది. అక్కడ ఒక తగాదా నమోదైతే కొట్టేయడానికి ఎవరికీ తొందర ఉండదు.

ఇక 1974. జూలై 15న ఏథెన్స్‌లోని సైనిక నియంతలు సైప్రస్‌లో కుట్ర చేసి మకారియోస్‌ను దించి, నికోస్ సాంప్సన్ అనే సాయుధ పోరాట కాలపు మనిషిని ఎక్కించారు. జూలై 20న, గ్యారంటీ ఒడంబడికలోని ఆ వాక్యం చూపించి, టర్కీ సేనలు ఉత్తర తీరంలో కైరీనియా దగ్గర దిగాయి. మునుపటి వ్యవస్థను నిలబెట్టడానికే అన్నారు. ఆగస్టు 14న రెండో విడత కదిలి ద్వీపంలో మూడో వంతు పైగా పట్టుకున్నాక ఆ మాటకు విలువ మిగలలేదు. 1,60,000 మందికి పైగా గ్రీకు సైప్రియట్లు దక్షిణానికి పారిపోయారు. నలభై వేలకు పైగా టర్కిష్ సైప్రియట్లు ఉత్తరానికి చేరారు. రెండు దండయాత్రల మధ్య జెనీవాలో చర్చలు కూడా జరిగాయి, అది మరిచిపోకూడదు.

ఆ వారం రోజుల్లో సమితి సైనికులు ఏం చేయగలరు? దండెత్తి వచ్చిన దేశపు సైన్యాన్ని ఆపే బలం వాళ్ళకు లేదు, ఆ అధికారం కూడా ఇవ్వలేదు. కాని ఒకచోట ఆపారు. నికోసియా విమానాశ్రయం కోసం రెండు పక్షాలూ కొట్లాడుతుంటే, ప్రేమ్‌చంద్ అక్కడి ఇరు సైన్యాల అధికారులతో మాట్లాడి జూలై 23న దాన్ని సమితి రక్షిత ప్రాంతంగా ప్రకటించాడు. తర్వాత అంకారా ఆ ఒప్పందమే లేదంది; పట్టుకుంటామని బెదిరించింది. నీలి టోపీలవాళ్ళు కదల్లేదు. కెనడా సైనికులు లోపల కాపు కాశారు, బ్రిటన్ తన స్థావరాల నుంచి అదనపు బలగాన్ని సమితి జెండా కింద పంపింది, న్యూయార్క్‌లో సమితి ప్రధాన కార్యదర్శి కుర్ట్ వాల్డ్‌హైమ్ రాత్రంతా ఫోన్ల మీద ఉన్నాడు. అంకారా వెనక్కి తగ్గింది. ఆ విమానాశ్రయంలో ఆ తర్వాత ప్రయాణికుల విమానం దిగలేదు. సైప్రస్ ఎయిర్‌వేస్ వారి ట్రైడెంట్ విమానం ఒకటి ఇంజన్లు లేకుండా, పావురాల రెట్టలతో ఇప్పటికీ రన్‌వే పక్కన నిలబడి ఉంది. సమితి దళం కేంద్ర కార్యాలయం ఆ ఆవరణలోనే. తర్వాతి అనేక చర్చలు జరిగినదీ ఆ కంచె లోపలే.

ఆగస్టు 16 కాల్పుల విరమణతో ఇరు సైన్యాలూ ఎక్కడ ఆగిపోయాయో అక్కడ రెండు గీతలు, మధ్య బఫర్ జోన్. పొడవు దాదాపు 180 కిలోమీటర్లు. నికోసియా పాత ఊళ్ళో వెడల్పు నాలుగు మీటర్లు కూడా లేని చోట్లున్నాయి. తూర్పున ఏడు కిలోమీటర్లు దాటిన చోట్లున్నాయి. నాలుగు మీటర్ల సందు అంటే ఒక బాల్కనీలో సిపాయి, ఎదురు బాల్కనీలో సిపాయి, ఒకడు ఉమ్మితే ఇంకొకడి మీద పడుతుంది. నిజంగానే అలాంటివాటి మీద ఫిర్యాదులు వెళ్ళేవి. 1989లో సమితి దళం ఇరుపక్షాలనూ ఒప్పించి, మరీ దగ్గరగా ఉన్న కొన్ని కాపలా చోట్లను ఖాళీ చేయించింది. అంతకు ముందు ఎన్నేళ్లు ఒప్పించాల్సి వచ్చిందో ఊహించుకోండి.

దళం రోజువారీ పని ఇదే. ఒక పక్షం కాపలా గూడు ముందు ఇసుక బస్తాలు ఒక వరస పెరిగితే రెండో పక్షం తామూ పెంచుతామంటుంది. గోడకు కొత్తగా ఒక రంధ్రం కనిపిస్తే, కాపలాకు ఒకడికి బదులు ఇద్దరు నిలబడితే, కొత్త కెమెరా పెడితే, సమితి అధికారి వచ్చి ఫోటో తీసి, పాత పటంతో పోల్చి, నిరసన పత్రం రాస్తాడు. పాత ఊళ్ళో సైకిళ్ల మీద గస్తీ. జోన్ లోపల వేలమంది నివసిస్తున్నారు, పొలాలు చేసుకుంటున్నారు. ఎవరు ఏ మడిలోకి ట్రాక్టర్ దింపాలన్నా దళం ఇచ్చే పర్మిట్ కావాలి. ఆదివారాలు తుపాకులతో వేటకు వచ్చేవాళ్ళది ఇంకో తలనొప్పి: దూరం నుంచి చూసే సిపాయికి వేటగాడికీ సైనికుడికీ తేడా ఏం తెలుస్తుంది? పేపర్లలో రాని పని, పతకాలు తేని పని. 1974 తర్వాత మళ్ళీ యుద్ధం రాలేదంటే అందులో ఈ చిన్న పనుల వాటా పెద్దదని నేను నమ్ముతాను. ఈ అరవై ఏళ్లలో దళంలో 180 మందికి పైగా వివిధ కారణాలతో చనిపోయారు.

ఇక్కడ నేను ఈ సభకు చెప్పదలచిన మాట. సైప్రస్‌లో శాంతి పరిరక్షణ విఫలమైందని రాసేవాళ్ళు ఎక్కువ. ఒప్పందం కుదర్చడం ఆ సిపాయిల పని కాదు, కాబట్టి ఆ నిందలో పస లేదు. అయితే ఆ దళం వల్ల ఒకటి జరిగింది: ఎదురుచూడటం చవకైపోయింది. యుద్ధం రాదన్న భరోసా ఉంటే నాయకుడికి ఇవాళే సంతకం చేయాల్సిన అవసరం ఏముంటుంది? సంతకం చేస్తే సొంత జనమే ద్రోహి అంటారు. చేయకపోతే గడువు పొడిగిస్తారు. ఎవరి ఖర్చు మీద ఎదురుచూస్తున్నాం అన్నది చూస్తే ఈ కథంతా వేరుగా అర్థమవుతుంది.

డబ్బు లెక్కనే తీసుకోండి. మొదట దాదాపు ముప్పై ఏళ్లు ఈ దళానికి సమితి బడ్జెట్ నుంచి పైసా లేదు. స్వచ్ఛందంగా ఇచ్చిన దేశాల చందాలతోనే నడిచింది. ప్రతి ప్రధాన కార్యదర్శీ జోలె పట్టుకుని తిరిగాడు. సైనికులను పంపిన దేశాలకు బాకీ పేరుకుపోయింది. 1993లో కెనడా తన దళాన్ని వెనక్కి పిలిచేసుకుంది. అప్పుడు గానీ పద్ధతి మారలేదు: ఇప్పుడు ఏటా ఐదున్నర కోట్ల డాలర్ల ప్రాంతంలో అయ్యే ఖర్చులో మూడో వంతు సైప్రస్ ప్రభుత్వం, 65 లక్షల డాలర్లు గ్రీసు, మిగిలినది సమితి సభ్యదేశాలు భరిస్తున్నాయి. ఎనిమిది వందల చిల్లర సైనికులు, డెబ్బై మందికి లోపు పోలీసులు. ప్రపంచంలోని శాంతి సేనల ఖర్చు పక్కన పెట్టి చూస్తే ఇది చిల్లర సొమ్ము.

మనుషులు చెల్లించేది వేరు. ఉత్తరంలో 1983 నవంబర్ 15న ప్రకటించిన రాజ్యాన్ని టర్కీ తప్ప ఎవరూ గుర్తించలేదు. 541వ తీర్మానం ఆ ప్రకటన చెల్లదంది. దాంతో అక్కడి విమానాలు టర్కీలో దిగి రావాల్సిందే. అక్కడికి ఉత్తరం రాయాలంటే చిరునామాలో మెర్సిన్ 10, టర్కీ అని రాయాలి, అది టర్కీ పట్టణం పేరు. లీరా విలువ పడిపోతే వాళ్ళ జీతం పడిపోతుంది. దక్షిణంలో కథ వేరు: ఫమగుస్తా శివారు వరోషా నుంచి 1974 ఆగస్టులో పారిపోయినవాళ్ళు కంచె వెనక తమ హోటళ్లు కూలిపోవడం యాభై ఏళ్లుగా చూస్తున్నారు. దాన్ని సమితి పాలన కిందకు మార్చాలని 1984లో 550వ తీర్మానం చెప్పింది. 2020 అక్టోబర్‌లో ఉత్తర అధికారులు అందులో కొంత భాగాన్ని సందర్శకులకు తెరిచారు. ఇళ్ల సొంతదారులు ఇప్పుడు టికెట్ లేని పర్యాటకుల్లా తమ వీధిలో తిరిగి రావచ్చు.

ఎదురుచూపు ఎంత చవకో 2004లో తేలిపోయింది. అంతకు ముందు ఏడాది ఏప్రిల్ 23న టర్కిష్ సైప్రియట్ నాయకుడు డెంక్తాష్ ఉన్నట్టుండి గ్రీన్ లైన్ దాటే దారులు తెరిచాడు. కొన్ని రోజుల్లోనే లక్షల మంది అటూ ఇటూ దాటి పాత ఇళ్లు చూసుకున్నారు. పెద్ద గొడవ ఒక్కటీ జరగలేదు. అలాంటి వాతావరణంలో 2004 ఏప్రిల్ 24న, ద్వీపాన్ని మళ్ళీ కలపడానికి సమితి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ ఇచ్చిన ప్రణాళిక మీద రెండు వైపులా ఒకేరోజు ప్రజాభిప్రాయ సేకరణ. టర్కిష్ సైప్రియట్లలో దాదాపు 65 శాతం సరే అన్నారు, గ్రీకు సైప్రియట్లలో దాదాపు 76 శాతం వద్దన్నారు. అధ్యక్షుడు పాపడోపులోస్ టీవీలో గద్గద స్వరంతో వద్దనమని కోరాడు. అనుబంధాలతో కలిపి వేల పేజీల పత్రం అది. చదివి ఓటేసినవాళ్ళు ఎంతమందో! టర్కీ సైన్యం పూర్తిగా పోదు, హామీదారులు ఉంటారు, సొంత ఇల్లు తిరిగి వస్తుందో రాదో తెలీదు: వాళ్ళ అభ్యంతరాలు ఉత్తవి కావు. కాని సరిగ్గా వారానికి, మే 1న, ఆ 76 శాతం మంది ఐరోపా సమాఖ్యలో సభ్యులయ్యారు. సరే అన్నవాళ్ళు బయట మిగిలారు. పరిష్కారం సభ్యత్వానికి షరతు కాదని సమాఖ్య 1999లో హెల్సింకీలోనే తేల్చేసింది. అలా వద్దన్నవాడికి నష్టం లేకుండా ముందే ఏర్పాటైంది. నా దృష్టిలో ఈ అరవై ఏళ్లలో జరిగిన పెద్ద దౌత్య పొరపాటు అదే, అది సమితిది కాదు, బ్రసెల్స్‌ది.

2017 జూలైలో స్విట్జర్లాండ్‌లోని క్రాన్స్ మొంటానాలో మళ్ళీ దగ్గరదాకా వచ్చారు. ఆంటోనియో గుటెరస్ స్వయంగా కూర్చున్నా హామీలు, సైన్యాల దగ్గరే తెగింది. టర్కిష్ సైప్రియట్ల తరఫున అక్కడ ఉన్నది ముస్తఫా అకింజీ.

అకింజీ పేరు వచ్చింది కాబట్టి ఒక పాత సంగతి. 1970ల చివర్లో ఆయన ఉత్తర నికోసియా మేయర్, దక్షిణాన లెల్లోస్ దిమిత్రియాదిస్. ఊరు రెండైంది కాని మురుగు కాలువల పైపులు ఒక్కటే. నేల వాలు ఉత్తరానికి. ఇద్దరు మేయర్లూ ఏ ప్రభుత్వాన్నీ గుర్తించినట్టు కాకుండా మాటలు జాగ్రత్తగా కూర్చుకుని ఉమ్మడి మురుగు పథకం పెట్టుకున్నారు. దక్షిణాది మురుగు గ్రీన్ లైన్ కింద నుంచి పోయి ఉత్తరాన మీయా మిలియాలో శుద్ధి అవుతుంది. పెద్ద సంతకాలేవీ కుదరని ఊళ్ళో కుదిరిన ఒప్పందం ఇది. ఎందుకంటే ఇక్కడ ఎదురుచూడటం చవక కాదు. ఆగితే మురుగు వీధిలోకి వస్తుంది.

ఇలా ఆగలేని పని ఇంకొకటుంది. 1963 నుంచి 1974 దాకా కనిపించకుండా పోయినవాళ్ళు అధికారికంగా 2,002 మంది: 1,510 మంది గ్రీకు సైప్రియట్లు, 492 మంది టర్కిష్ సైప్రియట్లు. వీళ్ళ కోసం 1981లో ఒక కమిటీ ఏర్పడింది. ముగ్గురు సభ్యులు, ఇరుపక్షాల నుంచి ఒక్కొక్కరు, మూడో వ్యక్తి రెడ్‌క్రాస్ ఎంపిక చేసి సమితి నియమించినవాడు. పాతికేళ్లు దాదాపు ఏమీ జరగలేదు. 2006 నుంచి తవ్వకాలు సాగుతున్నాయి. పాత విమానాశ్రయం ఆవరణలోని ప్రయోగశాలలో రెండు సముదాయాల యువ శాస్త్రవేత్తలు పక్కపక్కనే నిలబడి బావుల్లో, పొలాల్లో దొరికిన ఎముకలు కడిగి, తెల్ల గుడ్డ మీద మనిషి ఆకారంలో పేర్చి, డీఎన్ఏతో పోల్చి, కుటుంబాన్ని పిలుస్తారు. ఇప్పటికి సగం మందికి పైగా ఎవరో తేలింది.

ఈ పని ఎలా సాధ్యమైందో చూడండి. మనిషి ఎలా చనిపోయాడో, ఎవరు చంపారో చెప్పకూడదన్నది కమిటీ నిబంధన. ఎవరి ఎముకలో చెప్పడం వరకే. పుర్రెకు రంధ్రం ఉంటే కుటుంబానికి కనిపిస్తుంది, కాగితం మీద రాయరు. సమాచారం ఇచ్చిన సాక్షి మీద కేసు ఉండదు. న్యాయం అడిగేవాళ్ళకు ఇది సగం పనే, వాళ్ళ కోపాన్ని నేను కాదనను. కాని ఆ నిబంధన లేకుంటే ఏ ముసలివాడూ నోరు విప్పి, ఫలానా బావి దగ్గర తవ్వండి అని చెప్పేవాడు కాదు. ఇప్పుడు ఏటా దొరికే అవశేషాలు తగ్గిపోతున్నాయి: చెప్పగలిగినవాళ్ళు చనిపోతున్నారు, పొలాల మీద కట్టడాలు లేస్తున్నాయి. ఇక్కడా ఎదురుచూపుకు ధర ఉంది.

చివరికి విద్యార్థులు తప్పక అడిగే ప్రశ్న: ఎదురుచూపును చవక చేస్తుంటే దళాన్ని తీసేస్తే పోదా? తీసేస్తే ఏమవుతుందో 2023 ఆగస్టు 18న పీలాలో చూశాం. బఫర్ జోన్ లోపల గ్రీకు, టర్కిష్ సైప్రియట్లు కలిసి బతుకుతున్న ఊరు అది. ఉత్తరం నుంచి ఆ ఊరికి నేరుగా రోడ్డు వేయబోయారు. సమితి సిపాయిలు వాహనాలు అడ్డుపెట్టి నిలబడితే వాళ్ళను కొట్టారు, సమితి వాహనాలను యంత్రాలతో పక్కకు నెట్టారు. అక్టోబర్‌లో ఇరుపక్షాలకూ ఉపయోగపడేలా ఒక అవగాహన కుదిరింది, పని మొదలైంది, ఆ అవగాహనకు అర్థం ఏమిటన్న దగ్గర మళ్ళీ ఆగింది. రోడ్డు ముక్క కోసం ఇంత.

కాబట్టి దళం ఉండాలి. మార్చాల్సింది దాని చుట్టూ ఉన్న లెక్క. 2025 మార్చిలో జెనీవాలో నాయకులు నాలుగు కొత్త దాటు చోట్లు తెరవడానికి ఒప్పుకున్నారు. ఎక్కడ తెరవాలన్న దగ్గర, తమ జనానికి పనికొచ్చేచోటే కావాలని ఎవరికి వారు పట్టుబట్టారు. అదే ఏడాది అక్టోబర్‌లో ఉత్తరాన రెండు రాజ్యాల వాది ఎర్సిన్ తాతార్‌ను ఓడించి, ఒకే ఫెడరల్ రాజ్యం కోరే తుఫాన్ ఎర్హుర్మాన్ గెలిచాడు. చర్చలకు ముందు ఆయన పెట్టిన షరతుల్లో ఒకటి నాకు ఆసక్తిగా అనిపించింది: ఈసారి గ్రీకు పక్షం బల్ల దగ్గర నుంచి లేచిపోతే టర్కిష్ సైప్రియట్లు మళ్ళీ పాత స్థితికే వెళ్ళకూడదని. అంటే వద్దనేవాడు కూడా ఏదో ఒకటి చెల్లించాలని అడుగుతున్నాడు. దక్షిణాన దీనికి ఒప్పుకునేవాళ్ళు తక్కువ. అదే షరతు వరోషా మీద, ఇళ్ల మీద ఉత్తరానికీ వర్తింపజేస్తే ఆయన ఎంతవరకు నిలబడతాడో చూడాలి. భద్రతా మండలి పొడిగింపు తీర్మానాన్ని ఈ సారి చదివేటప్పుడు నేను వెతికేది ఆ రెండు లెక్కలే.